ఐసుగడ్డ పందెం

హిమాలయాల నుంచి భాస్కరరావు కొట్టుకు ఉత్తరం వచ్చింది.

పత్తర్‌గట్టిలో ఆయనది ఆటసామాన్ల కొట్టు. ఈలలు, క్యారమ్ పౌడరు, స్టాప్‌వాచీలు అమ్ముతాడు. సెల్‌ఫోన్లలోనే స్టాప్‌వాచీ వచ్చేశాక ఆ గాజుబీరువా ముందు ఆగేవాళ్లే లేరు. ఉగాదిలోగా పెద్ద బేరం తగలకపోతే షట్టరు దించేసి, ఏలూరులో బావమరిది ఎరువుల గోడౌనులో కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో ఖాయమైపోయింది.

ఉత్తరం రాసింది, మంచు మీద జారే స్కీ పందేలకు తర్ఫీదు ఇచ్చే ఒక సైనిక కేంద్రం.

కొండ మీద ఒక ఎలక్ట్రిక్ కన్ను, కింద ఒక కన్ను పెడతారట. ఆటగాడు పైకన్ను దాటగానే గడియారం మొదలవుతుంది. కిందికన్ను దాటగానే ఆగుతుంది. మధ్యలో వైరు ఉండకూడదు. అలాంటిది ఒకటి మీరే చూసి పంపండి, బాగుంటే ఏటా మీ దగ్గరే కొంటాం అని రాశారు.

"మన పేరు హిమాలయాల దాకా పాకింది, సుందరీ," అన్నాడు భాస్కరరావు.

"పక్కనున్న మదీనా చౌరస్తా దాకా పాకలేదు గానీ," అంది ఆయన భార్య బాలత్రిపురసుందరి.

బొంబాయి నుంచి రెండు రకాలు నమూనాకు వచ్చాయి.

ఒకటి ఇటుకంత పెట్టె. దాని బటన్లు అప్పచ్చులంత ఉన్నాయి.

రెండోది సెల్‌ఫోనులా నాజూగ్గా ఉంది. నీలం వెలుగు వస్తుంది. బటన్లు కందిగింజలంత.

ఏది మంచిదో తేల్చాలంటే మంచు కావాలి. హైదరాబాదులో మంచు ఎక్కడుంటుంది?

మాదన్నపేటలో బాలకిషన్ ఐసు ఫ్యాక్టరీలో ఉంటుంది.

భార్యాభర్తలు ఆటోలో వెళ్లారు. సుందరి కోతిటోపీ పెట్టుకుంది. రెండు గడియారాల కళ్లనూ పీటల మీద నిలబెట్టారు. గడియారం పెట్టెలకు మాత్రం చలి తగలకూడదని భాస్కరరావు అన్నాడు. సుందరి వాటిని శాలువాలో చుట్టి చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుంది.

ఆటగాడిగా ఐసుగడ్డను ఎంచారు.

దాన్ని తోసే పని గుండయ్యకు అప్పజెప్పాడు బాలకిషన్. గుండయ్య గోనెసంచి భుజాన వేసుకుని, కొక్కెంతో గడ్డలు లాగే మనిషి. కుడిచేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి.

మొదటి గడ్డ దారి తప్పి, బాలకిషన్ చాయ్ సాసరును వెంటబెట్టుకుని గోడకు గుద్దుకుంది.

రెండో గడ్డ తడినేల మీద తిన్నగా జారింది. సుందరి శాలువా విప్పి చూసింది. రెండు పెట్టెల్లోనూ ఒకే అంకె.

"రెండూ సమానమే. అందంగా ఉన్నదే పంపుదాం," అన్నాడు భాస్కరరావు.

గుండయ్య కొక్కెం కింద పెట్టాడు.

"పత్తర్‌గట్టి దుకాణమేనా సార్ మీది?"

"అవును. తెలుసా?"

"ఎర్కనే," అని నవ్వాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఒక్కసారి చేతికి గ్లౌజులు ఏస్కొని బటన్ ఒత్తి చూడుండ్రి. పెట్టెల్ని గూడ శాలువల నుంచి తీసి, గంటసేపు ఐసు మీద పెట్టుండ్రి."

"ఐసు మీదా? నమూనా పాడైతే బొంబాయివాడు ఊరుకుంటాడా?"

సుందరి భర్త చెవిలో గొణిగింది. గొణుగుడు ఆవిడకు అలవాటు లేదు, కాబట్టి అందరికీ వినిపించింది.

"ఆ వేళ్లు చూశారా? మిషన్లో చెయ్యి పెట్టుకున్న మనిషి మనకి మిషన్ల గురించి చెబుతున్నాడు."

గుండయ్య ఆ చేతిని గోనెసంచి కిందికి లాక్కున్నాడు.

"పెద్దదే తీస్కోండ్రి సార్," అన్నాడు. "చూడనీకి బాగుండది. కానీ పెద్దదే తీస్కోండ్రి."

"మా గుండయ్య గంతే రావుసాబ్," అన్నాడు బాలకిషన్. "వచ్చి ఏడాదైంది. అసలు మాట్లాడడు. మాట్లాడితే గిట్ల ఫికర్ పెడ్తడు."

నాజూకుదాన్ని దూది మధ్య పెట్టి హిమాలయాలకు పంపారు.

ఆ వారమే భాస్కరరావు పెయింటర్ని పిలిపించి, కొట్టు బోర్డు మీద ‘హిమాలయాలకు సరఫరా’ అని రాయించాడు. పక్కన ఒక కొండ కూడా వేయించాడు. పెయింటర్ ఎప్పుడూ మంచుకొండ చూడలేదు. అది గోల్కొండలా వచ్చింది.

జనవరి చివర పార్సెలు తిరిగివచ్చింది. దూదితో సహా.

లోపల ఉత్తరం ఉంది. సుందరి కళ్లజోడు పెట్టుకుని, చదువుతూ తెలుగులో చెప్పింది. చలికి బ్యాటరీలు పావుగంటలో చచ్చిపోయాయట. గ్లౌజులతో బటన్ అందదు. గ్లౌజు తీసి నొక్కడానికి అక్కడ ఎవరూ ఒప్పుకోలేదు. పెద్ద బటన్ల రకం వేరేచోట కొన్నారు. ఇకముందు కూడా అక్కడే కొంటారు.

భాస్కరరావు స్టూలు మీద కూర్చున్నాడు. ఏలూరు కళ్లకు కట్టింది.

"అంత పెద్ద దేశంలో వాళ్లకి మన కొట్టే ఎందుకు దొరికింది?" అన్నాడు. "ఎవరు చెప్పారో గానీ చెప్పకుండా ఉంటే పోయేది."

"అదీ రాశారు. అడుగున, చేత్తో," అంది సుందరి.

చదవబోయి ఆగింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

ఈసారి నిజంగానే గొణిగింది. వినడానికి భాస్కరరావు ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఇరవై ఏళ్ల కిందట మీ కొట్టులో కొన్న స్టాప్‌వాచీతో మా పందేలన్నిటికీ టైము చూసినవాడు, దాని చిన్న బటన్ నొక్కడానికి మంచుతుపానులో గ్లౌజు తీసి రెండు వేళ్లు పోగొట్టుకున్నవాడు, అయినా ఆ వాచీ ఒక్కసారీ తప్పు చెప్పలేదని నేటికీ పొగిడేవాడు, నిరుడు రిటైరైన మా హవల్దార్ గుండయ్య చెప్పబట్టే మీకు రాశాం."