ఎర్ర అంచు షీటు

"ఇది ఎండలో ఉండాలి. కానీ పాడవకూడదు," అన్నాడు డాక్టర్ దేవరాజు, ఆయతి ఇంటి పెంకుల మీద ఎర్ర అంచు షీటుకు క్లిప్పులు పెడుతూ.

కాగితం మీద అక్షరాల్లా ప్లాస్టిక్ మీద అచ్చువేసిన సోలార్ షీటు అది. పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో చేస్తారు. చవక, తేలిక. ఒక్కటే జబ్బు, ఎండకూ తేమకూ తొందరగా పాడైపోతుంది. సోలార్ షీటుకు ఎండ పడదంటే నవ్వకూడదు, అది సైన్సు. అందుకే ఎండలకూ వానలకూ లోటులేని బస్తర్ పల్లె గొల్లపల్లిని దేవరాజు ఏరికోరి ఎంచుకున్నాడు.

నీలం అంచున్న రెండో షీటును ఆయతి చేతికిచ్చాడు.

"దీన్ని మీ ఇనప్పెట్టెలో, చీకట్లో పెట్టు. ఇది పోలిక కోసమే, పోయినా ఫర్వాలేదు. ఎర్రది మాత్రం ఏడాది నిలవాలి. నిలిస్తే మీ ముప్పై ఇళ్లకూ లైట్లు శాంక్షన్."

"నిలవకుంటే ఏంది సారూ?"

"ఇంకో ఊరు చూసుకుంటాం."

పోయిన వానాకాలం చీకట్లో పామును తొక్కి ఆయతి మరిది చచ్చిపోయాడు. అప్పటి నుంచి పొద్దుగూకితే చాలు, ఆమెకు భయం.

నెలకోసారి దేవరాజు జగదల్‌పూర్ నుంచి జీపులో వచ్చేవాడు. బయల్దేరగానే ఆయతికి ఫోన్ చేసేవాడు, కోడికూర వండమని. ముందు రెండు షీట్లకూ మీటరు పెట్టి చూడటం, తర్వాత కూర.

మూడో నెలకు ఎర్ర అంచుది చెక్కుచెదరలేదు. రోహిణి కార్తె ఎండలు పోయాయి, వానలు దంచికొట్టాయి. అయినా అలాగే ఉంది. పైగా దాని మీద దుమ్ము కూడా లేదు. 'తనను తానే శుభ్రం చేసుకుంటోంది' అని మురిసిపోతూ రాసుకున్నాడు.

విచిత్రమంతా పెట్టెలోదానిది. నీలం అంచు షీటు శక్తి నెలనెలకూ పడిపోయింది. దాని మీద తెల్లటి మచ్చలు కూడా లేచాయి. కొత్త రకం స్ఫటికాలన్నాడు దేవరాజు. ఫొటోలు తీసుకున్నాడు. బుర్ర బద్దలుకొట్టుకుని చివరికి సిద్ధాంతం తేల్చాడు. బస్తర్ ఎండ ఈ షీట్లకు మందు, చీకటి విషం!

వ్యాసం అచ్చయింది. మూడు నగరాల్లో శాలువాలు కప్పారు. కప్పినవాళ్లలో ఒక్కరూ గొల్లపల్లి ఎక్కడుందని అడగలేదు.

ఏడాది నిండింది. రాయపూర్ నుంచి పెద్ద సాబ్ దిగాడు. షామియానా కింద ముప్పై ఇళ్ల లైట్ల కాగితం ఆయన ముందు పెట్టారు. సాబ్ సంతకానికి పెన్ను తీసి, ఆయతి వైపు చూసి హిందీలో ఏదో అడిగాడు.

"షీటును ఇంత బాగా ఎలా కాపాడావని అడుగుతున్నారు," అన్నాడు దేవరాజు, మెడలో దండ సర్దుకుంటూ. "ఉన్నదున్నట్టు చెప్పు ఆయతమ్మా. నేను సాబ్‌కు హిందీలో చెప్తాను."

ఆయతి లేచి చేతులు జోడించింది. ముప్పై ఇళ్ల పని తన చేతుల మీదుగా అవుతోందన్న గర్వంతో అందరికీ వినపడేలా చెప్పింది.

"మీరు ఫోన్ చేసిన నాడు తప్ప ఎర్రంచుదాన్ని పెట్టెల నుంచి తియ్యనే తియ్యలే సారూ, ఎండకూ వానకూ ఏడాదంతా ఆ పోయినా ఫర్వాలేదన్న నీలం అంచుదాన్నే పెట్టిన!"