ఇద్దరికీ ఒకటే ఫోను

"అద్దాల తప్పేం లేదు బాబూ, నా కళ్ళే పాడైపోయాయి. సూదిలో దారం కూడా ఎక్కట్లేదు," అంది బట్టలు కుట్టే ఆవిడ, కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెడుతూ.

మా మామయ్య కళ్ళజోళ్ళ దుకాణంలో రిజిస్టర్లన్నీ అటకెక్కించి, కంప్యూటర్లో డేటాబేస్ తయారుచేసింది నేనే. ఫోను నంబరు కొడితే చాలు, మనిషి వివరాలన్నీ వచ్చేస్తాయి.

రెండు నెలల క్రితం ఆవిడ, భర్త కలిసి వచ్చారు. "మాకు ఇద్దరికీ ఒకటే ఫోను. వివరాలు కలిసిపోవు కదా?" అని అడిగింది.

"కంప్యూటరమ్మా, మనలా పొరపాటు పడదు," అని నవ్వాను.

ఇప్పుడు అదే నంబరు కొట్టాను. ఒక్క పేరే వచ్చింది, భర్తది. ఒక ఫోనుకి ఒక మనిషే అని నియమం పెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఆవిడ వివరాలు చెరిపేసి ఆయనవి కూర్చున్నాయి. ఇన్నాళ్ళూ ఆవిడ పెట్టుకున్నవి ఆయన కళ్ళకి సరిపోయే అద్దాలు.

"గీతలు పడ్డాయమ్మా, ఊరికే మార్చి ఇస్తాను," అని బొంకి, కళ్ళు మళ్ళీ పరీక్ష చేయించాను.

మూడో రోజు కొత్త కళ్ళజోడు పెట్టుకుని, సంచిలోంచి సూది తీసి ఒక్కసారికే దారం ఎక్కించింది. దారం లాగేసి సూదిని మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"ఇంకో వారం ఓపిక పట్టాల్సింది. ఇక కుట్టలేనని మిషను అమ్మేశాను," అంది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ రోజు నీ కంప్యూటర్‌ని అనుమానించాను. ఏమనుకోకు బాబూ."

"ఏమనుకోనమ్మా," అన్నాను.