సజ్దా నుంచి లేచేటప్పుడు

ఇన్సాఫ్ హాజమ్మ గుండె ఆపరేషనుకు ముందు రక్తం సిద్ధం చేయించాలి, కొడుకు చేత సంతకం పెట్టించాలి, స్కాను ఇంకోసారి చూడాలి, మైసాను మెచ్చుకోవాలి. చివరి పనికే డాక్టర్ షుక్రీకి నోరు రావడం లేదు.

ఏడాదిగా హాజమ్మ అతని రోగి. స్టెతస్కోపుతో విన్న తన చెవి మీది నమ్మకంతో, గుండె కవాటం సన్నబడిందని మందులిచ్చాడు. నిన్నగాక మొన్న మన్సూరా ఆస్పత్రికొచ్చిన కొత్త డాక్టరు మైసా ఒక్క పూటలో గుండెలో వేలాడుతున్న కణితిని పట్టేసింది.

"అదృష్టం కలిసొచ్చిందిలే డాక్టరమ్మా."

"నమాజు ఎలా చేస్తారని అడిగానంతే సార్. సజ్దాలో నుదురు నేలకానిస్తే హాయిగా ఉంటుందట, లేస్తే కళ్లు తిరుగుతాయట. ఏదో జారి దారికి అడ్డం పడుతోందని స్కాను తీయించాను."

"ఆ ప్రశ్న ఏ పుస్తకంలో ఉందో?"

"మా అక్క రావియా చివరి ఏడాదంతా కుర్చీలోనే నమాజు చేసింది. బద్ధకమని ఆటపట్టించేవాళ్లం. తన గుండెలోనూ కణితి ఉన్న సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది."

షుక్రీ తల వంచుకున్నాడు. "మీ అక్క పేరు మళ్లీ చెప్పమ్మా," అన్నాడు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర ఇద్దరూ రావియా ఆత్మశాంతి కోసం ఫాతిహా ప్రార్థన చదివారు.

ఇన్సాఫ్ హాజమ్మ ఇప్పుడు ఆగకుండా సజ్దా నుంచి లేస్తోంది. మీరూ రావియాను ఒకసారి తలుచుకోండి.