ఎర్రపెట్ట పుట్టింటివాళ్లు

మధ్యధరా సముద్రంలోని ఓ దీవికి శరదృతువులో డేగల గుంపులొచ్చేవి. వాటిని చూసి మురిసిపోవడానికి మనుషులు మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని దిగేవారు. అప్పుడే గుడ్లు పొదిగి పిల్లలతో లేచిన ఎర్ర కోడిపెట్టకి ఆ సంగతి తెలీదు.

"అదిగో డేగ" అని వాళ్లంతా మెడలెత్తగానే పెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. నా పిల్లలకి కాపలా కాయడానికే వచ్చారనుకుని పొంగిపోయింది.

ఆకలిగా కంచె మీద వాలిన డేగ బెదురుగా అడిగింది. "ఎవరే వీళ్లంతా? గుడ్లప్పగించి నన్నే చూస్తున్నారు."

"మా పుట్టింటివాళ్లు. బాలింతనని చూడ్డానికొచ్చారు. నా పిల్లల మీద చెయ్యేసి చూడు."

"ఇంతమందా" అని గొణుక్కుంటూ డేగ ఎగిరిపోయింది.

"అయ్యో, వెళ్లిపోయిందే" అని మనుషులు ఉసూరుమన్నారు.

"పోనీలే అన్నయ్యా, మళ్లీ వస్తే పట్టుకుందురుగాని" అని వాళ్లని ఓదార్చి, పెట్ట పిల్లల వైపు తిరిగింది.

"మేనమామలకి దణ్ణం పెట్టండర్రా."

పిల్లలన్నీ బుద్ధిగా ముక్కులు నేలకానించాయి.