కింది కొస

పెట్టె పగిలిన రోజే పెంటయ్య చెప్పు కూడా తెగింది.

ముంబై వర్లిలో ఒక పాత మిల్లు గోదాము అద్దెకు తీసుకుని, కంప్యూటర్ల కంపెనీ ఏడాదికో అంతస్తు చొప్పున పెరుగుతోంది. లిఫ్టు ఉంది, కాని సాబులకే. పెట్టెలు మెట్ల మీదుగా ఎక్కాలి. పెట్టెకు ఇద్దరు మనుషులు.

పెంటయ్యతో జతగా మోసే లచ్చయ్యకు ఆ రోజు జ్వరం. మేస్త్రి బక్కయ్య, పొద్దున్నే కూలీలు నిలబడే కామాఠిపురా నాకా నుంచి ఒక కొత్త మనిషిని అతనికి బదులుగా తెచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. వెలిసిన చొక్కా. మెత్తటి అరచేతులు.

"ఏమన్నా, ఇన్నొద్దులు పూలు గుచ్చినవా? చేతులు గిట్లున్నయి!" అన్నాడు పెంటయ్య.

"రాతపని చేశాను."

"మాట సుత దాదర్ బాబుల మాటే. సరే, పై కొస పట్టు."

"ఎందుకు?"

"బరువంత కింది కొస మీదికే వస్తది. పెట్టె పడితే కింది కొసోడే జవాబు చెప్పాలె. మా ముఠాల గదే రివాజు."

"కింది కొస ఎవరు పట్టాలి?"

"పెద్దోడు. ఖాళీపీలి, ఉత్తగ అడుగుడెందుకు, జల్దీ పట్టు!"

"వయసులో నేనే పెద్ద కదా," అని అతను కింది కొస పట్టుకున్నాడు.

మూడు పెట్టెలు ఎక్కాయి. మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీదే కూర్చుని పెంటయ్య జొన్నరొట్టె పంచుకున్నారు.

"నెలకు ఎన్ని పెట్టెలు పడిపోతాయి?" అని అడిగాడు అతను.

"రెండో, మూడో. ఇంకమీద పడితే మా కూలి కోస్తరంట. పెద్దాఫీసుల పైసల సాబ్ ఒకడున్నడు, సంతకం ఆయనదేనంట. కుర్చీల కూసున్నోనికి మెట్లేం ఎరుక?"

అతను నీళ్లు తాగి, "తెలియదు. నిజమే," అన్నాడు.

నాలుగో పెట్టె. మూడో అంతస్తు మలుపు.

పెంటయ్య చెప్పు తెగింది. కాలు జారింది. చెయ్యి వదిలింది.

అతను గోడకు ఒరిగి తప్పుకున్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. పెట్టె దొర్లి మలుపు దగ్గర పడింది. లోపల గాజు భళ్లుమంది.

మేస్త్రి పరుగున వచ్చాడు. "ఎవడు ఇడిసిండు?"

పెంటయ్య మేస్త్రి వైపు తిరిగాడు. ముఠాలో పేరు కొట్టేస్తే ఊరివాళ్ల రూములో చాప పరుచుకునే చోటు కూడా పోతుంది.

"కింది కొస ఆయనది," అన్నాడు.

అతను తెగిన చెప్పును చూశాడు. తర్వాత మేస్త్రిని చూశాడు.

"అవును. నాదే."

"ఇగ నాకా మీద కనపడకు!"

అతను మోచేతి రక్తం తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

నెల తిరక్కుండానే పెట్టెలకూ లిఫ్టు తెరిచారు. కూలి కోత మాట మళ్లీ వినపడలేదు. యూనియన్ గెలిచిందన్నారు కొందరు.

పెంటయ్య రెండు ఆదివారాలు నాగ్‌పాడాలో, వర్లిలో కూలీల గదులుండే చాళ్లలో అతని కోసం వెతికాడు. ఆ తర్వాత మానేశాడు.

ఏడాది గడిచింది. కాగితం చుట్టిన పెద్ద ఫోటో ఒకటి పైకి చేర్చమన్నారు. ప్యూన్ తుకారాం ఒక పక్క పట్టాడు. లిఫ్టులోనే అయినా పెంటయ్య అలవాటుగా కింది కొస పట్టుకున్నాడు.

నాలుగో అంతస్తులో కాగితం విప్పి, ఫోటోను గోడకు తగిలించి దండ వేశారు.

పెంటయ్య ఆ ముఖాన్ని గుర్తుపట్టాడు. "గీయన ఎవలు?"

"పైసల సాబ్. పోయిన వారం గుండె ఆగిపోయింది," అన్నాడు తుకారాం. "కూలి కోత కాగితం ముందల పెడితే, ఒక్క దినం మోసి సూసినంక సంతకం జేస్త అన్నడంట. మోసొచ్చి కాగితం చింపిండు. పగిలిన పెట్టె నష్టం తన పేరునే రాసుకున్నడు. కంపెనీ సేటు నవ్విండంట, నీ చేతులకు పెట్టె ఆగుతదా అని."

"ఈయనేమన్నడు?"

"కింది కొస నాదే అన్నడంట. గదేందో నాకైతే సమజ్ కాలే."

పెంటయ్య దండ సరిచేసి, గాజు మీద దుమ్ము కండువాతో తుడిచాడు.

ఆ రోజు జారింది తన కాలేనని పెంటయ్య ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు.