పదిహేడో నంబరు బొమ్మ

“ఈ వీపు నీదే,” అన్నాడు కండక్టరు, గొంతు తగ్గించి.

కాదనడానికి భార్య నోరు తెరిచింది గానీ, బొమ్మల ప్రదర్శనలో గోడ మీది ఆ బొమ్మ చూశాక ఇంకాస్త దగ్గరికి జరిగింది. స్టవ్ ముందు నిలబడ్డ ఆడమనిషి, వెనకనుంచి. జారిన ముడి, మెడ మీద పుట్టుమచ్చ, మోచేతి దగ్గర వేడి నూనె మిగిల్చిన మచ్చ. ఎదురుగా కిటికీ. పగిలిన అద్దానికి అడ్డంగా ప్లాస్టరు. పోయిన నెల దాన్ని అంటించింది ఆయనే. వంకరగా అంటించాడు. బొమ్మలోనూ వంకరగానే ఉంది.

“ఎవడు వేశాడు?”

“నాకేం తెలుసండీ! సెలవు కదా, ప్రవేశం ఉచితం కదా అని లాక్కొచ్చింది మీరే.”

బల్ల దగ్గర కూర్చున్నావిణ్ణి అడిగాడు. ఇది పోటీ అనీ, బహుమతులు ఇచ్చేదాకా పేర్లు చెప్పకూడదనీ, ఇది పదిహేడో నంబరనీ ఆవిడ చెప్పింది. “అన్నిట్లోకీ ఇదే బాగుందండీ,” అని కూడా అంది. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

సెలవు రోజున ఆయన ప్రాణం పోయినా బస్సెక్కడు. ఇంటికి నడక మొదలైంది.

“మనది మూడో అంతస్తు. కిటికీలోంచి చూసి వేశాడనుకోడానికి లేదు. వేసింది వెనకనుంచి. అంటే, వాడు మన వంటింట్లో నిలబడ్డాడు.”

“నిలబడితే నాకు తెలీదా?”

“నేనూ అదే అడుగుతున్నా. తెలీదా?”

టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నప్పుడు కూడా ఆయన ఇంత మెల్లగా మాట్లాడడు. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టింది.

“మన వంటింట్లోకి ఎవరొస్తారండీ? మీరు, మీ అమ్మగారు, కుళాయి బాగుచేసే అతను. అంతేగా.”

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయాడు. “కుళాయి ఎన్నిసార్లు చెడింది?”

“మూడు.”

“మూడుసార్లూ నేను డ్యూటీలో ఉన్నప్పుడేనా?”

“మీ డ్యూటీ చార్టు కుళాయికి చూపించలేదండీ నేను,” అనేసి, వెంటనే నాలిక్కరుచుకుంది.

“వేళాకోళమా? సరే. రోజంతా ఇంట్లో ఉండేది అమ్మ. ఆవిడ ముందే తేల్చుకుందాం. ఆవిడ ఒక్క ముక్క అనుమానంగా అన్నా, సాయంత్రానికి నిన్ను మీ అన్నయ్య ఇంటి దగ్గర దింపేస్తా. మళ్ళీ ఎక్కించుకోను.”

ఈ పదకొండేళ్ళలో అత్తగారు తన పక్షాన మాట్లాడిన రోజు ఒక్కటైనా ఉందా అని ఆవిడ దారి పొడవునా వెతుక్కుంది. ఇల్లు వచ్చేసింది గానీ, ఆ రోజు మాత్రం దొరకలేదు.

తలుపు తీసిన తల్లికి, చెప్పులైనా విప్పకుండా, కొడుకు జరిగిందంతా చెప్పేశాడు. అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది.

“అటు తిరుగు.”

కోడలు గోడవైపు తిరిగి నిలబడింది.

“పుట్టుమచ్చ కనిపిస్తోందా బొమ్మలో?”

“స్పష్టంగా ఉందమ్మా.”

“మోచేతి మీది మచ్చ?”

“అదీ ఉంది.”

“జనం ఆగి చూస్తున్నారా, దాటుకుపోతున్నారా?”

“ఆగుతున్నారు! అదేగా నా ఏడుపు. ఒకాయనైతే కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.”

అత్తగారు “ఊఁ” అంది. దగ్గరికి వచ్చి, కోడలి వెనకాలే నిలబడింది. ఆవిడ ఊపిరి మెడకి వెచ్చగా తగులుతోంది. కోడలు కళ్ళు మూసుకుంది. అన్నయ్య ఇంటి హాల్లోని సోఫా, దాని విరిగిన స్ప్రింగుతో సహా, కళ్ళముందు కనిపించింది.

“నేను అనుకుంటూనే ఉన్నాను,” అంది అత్తగారు చివరికి. “రోజూ దీని వెనకే కూచుని చూస్తున్నా, ఆ మెడ దగ్గరే నాకు కుంచె కుదర్లేదురా. కాస్త పొడుగొచ్చినట్టు లేదూ?”