గోడ కింద కొట్టిన నాణెం

కింది అచ్చును మొద్దులో దిగ్గొట్టారు. దాని మీద వెండి బిళ్ళ పెట్టి, ఆపైన పై అచ్చు నిలిపి, లుక్కా టంకసాల పనివాడు బెత్తో సుత్తి ఎత్తాడు.

శత్రువు కోటగోడ కిందే తమ నాణెం కొట్టి లోపలికి విసరాలి. అంతకు మించిన అవమానం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు. ఆ కోటవాళ్ళ మునిమనవలు కూడా తలెత్తుకోలేరు. ఆ పని కోసమే లుక్కా సైన్యం పొరుగునున్న రేవుపట్నం పీసా మీదికి బయలుదేరింది. చిక్కటి పొగమంచులో పూట ప్రయాణం రెండు రోజులు పట్టింది.

ఠంగ్! మొదటి నాణెం గోడ మీదుగా మంచులోకి ఎగిరింది. పైనుంచి ఒక ఆడగొంతు ఏదో అరిచింది. ఇరవై ఏళ్ళ సుత్తిమోతకి బెత్తో చెవులు సగం పోయాయి.

"ఏమంటోందండీ?" అని పక్కనున్న దళపతిని అడిగాడు.

"చేపకంపు వెధవల్లారా, పోయి మీ సముద్రంలో పడి చావండి అంటోంది."

"సముద్రం వాళ్ళదే కదండీ!"

"సిగ్గుంటేగా! వాళ్ళ తిట్లు మనకి అంటగడుతున్నారు. నువ్వు కొట్టవోయ్."

ఈలోగా ఆ నాణెం పంటిగాటుతో తిరిగొచ్చి బెత్తో నెత్తిన పడింది.

"అంచు కుక్క కొరికినట్టుందిట," అన్నాడు దళపతి. "వాళ్ళాయన కళ్ళు మూసుకుని కొట్టినా ఇంతకన్నా గుండ్రంగా వస్తుందిట."

బెత్తో మొహం కందగడ్డయింది. కత్తిపోటునైనా ఓర్చుకుంటాడు గానీ, తన పనికి వంక పెడితే ఊరుకుంటాడా?

"ఎవడండీ ఆ మొనగాడు? బయటికి రమ్మనండి!"

దళపతి గొంతెత్తి అడిగాడు. "ఊళ్ళో లేడట."

"పిరికిపంద! పారిపోయుంటాడు."

బెత్తో చొక్కా విప్పి పారేశాడు. ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క దెబ్బ వేశాడు. నిండు చందమామలాంటి నాణెం! అంత మంచిది పుట్టి బుద్ధెరిగి కొట్టలేదు. కళ్ళకద్దుకుని విసిరాడు.

పైనుంచి మళ్ళీ ఆ గొంతే అరిచింది.

"ఏమందండీ?"

"పరవాలేదట. కానీ వాళ్ళాయన చేతిపని ముందు దిగదుడుపేనట."

ఆ వెంటే కుండెడు వేడి జావ బెత్తో వీపు మీద పడింది. అతను కెవ్వుమని లేచి, సుత్తి పట్టుకుని గోడ దగ్గరికి ఉరికాడు.

"ఆ మహానుభావుణ్ణి కట్టుకున్న మహాతల్లి మొహం ఒక్కసారి చూడాలి!"

గాలి వీచి మంచు విడింది. గోడ మీద ఖాళీ కుండతో నిలబడి ఉన్నది, మొన్న ఇదే లుక్కా కోటగుమ్మంలోంచి బెత్తోని సాగనంపిన అతని పెళ్ళామే.